తరుగు

రాత్రి రెండు దాటినంక ఎనుమాముల గేటు దాటినం.
ఐషర్ బండిల పదకొండు మంది ఆడోళ్ల బస్తాలు,
డ్రైవరు, వాని పక్కన నేను.
మిగిలిన పదిమంది నా మీద భారమేసి
ఊళ్లె పండుకున్నరు.
పండుకున్నరో లేదో.

షెడ్డు కింద జాగ లేదు.
శివశివా అనుకుంట చలి పోవాల్సిన దినాలు,
పోలే.
మంచు పడితె కాయ మెత్తబడతది, ధర పడిపోతది.
నా చెద్దరు తీసి బస్తాలకు కప్పిన,
నేను ఘాటు కప్పుకున్న.
చపాటాకు కారం తక్కువంటరు గని
దగ్గు దగ్గే.

భూమి నాది గాదు.
ఎకరం ముప్పై గుంటలు, కౌలు ముందుగాలనే కట్టాలె.
పాసుబుక్కుల ఫోటో హన్మకొండల ఉంటది,
దాని చెప్పులకు మట్టి అంటదు.
పెట్టుబడి పైసలు ఫోటోకు వస్తయి,
పంట నష్టం ఫోటోకు రాస్తరు.
నల్ల తామర పురుగు మాత్రం
పాసుబుక్కు అడగకుంట
సీదా నా దగ్గరికే వచ్చింది.

ఆ ఏడు ప్యాకెట్ విత్తనం.
దుకాణపాయన పుస్తెలతాడు చూపిచ్చినట్టు చూపిచ్చిండు,
గ్రాముల లెక్కన కొన్న.
పూతకు పూత నల్లబడి
చేతుల పట్టుకుంటె పొడి.
మూడు మందులు మార్చిన.
పురుగుకు మందు అలవాటైంది,
నాకు బాకీ అలవాటైంది.

మల్లేడు ప్యాకెట్‌కు పైసల్లేక
అటక మీంచి మా అత్త సొరకాయ బుర్ర దించిన.
బూడిదల కలిపిన చపాటా గింజలు.
తొక్కుకు రంగు వస్తదని
బతికినన్నాళ్లు గట్టు పొంట రెండు సాళ్లు పెట్టేది, గంతే.
లేమితోని వేసిన, తెలివితోని గాదు.
(ఇప్పుడు సార్లు వచ్చి అడిగితె మాత్రం
తెలివితోనే వేసిన అని చెప్తున్న.)

పక్క చేను సారక్క గింజలడిగింది.
ఆమెను చూసి బుచ్చమ్మ, బుచ్చమ్మను చూసి తండా నుంచి చాందీ.
ఒకలకు మోటరుంది, ఒకలకు పరదాలున్నయి,
చాందీకి లెక్కలన్నీ నోటి మీదున్నయి.
కల్లం ఒక్కటే చేసుకున్నం, కావలి వంతులేసుకున్నం.
కొట్లాడుకోలేదంటె అబద్ధం.
తాలు కాయ ఎవలిదని
బుచ్చమ్మ, నేను తొమ్మిది దినాలు మాట్లాడుకోలే.
పదో దినం వాన మొగులైంది,
పరదా ఆ కొస ఆమె పట్టుకుంది, ఈ కొస నేను.

తెల్లారంగ జెండా పాట.
ఒక్క కుప్ప మీద పలికిన ధర
మైకుల యార్డంత తిరుగుతది,
మా బస్తాల కాడికి వచ్చేసరికి అలిసిపోతది.
ఖరీదుదారు కాయ విరిచి చూసిండు,
తోలు దళసరి, గింజ తక్కువ, చేతివేళ్లకు ఎరుపు.
మెచ్చుకున్నట్టు మొఖం పెట్టకుంట ధర చెప్పిండు.
"నాలుగు బస్తాలకు ఇంతకంటె ఎవలియ్యరు" అన్నడు.
"నాలుగు గాదు" అన్న.
బండి దిక్కు చూసిండు.
గోనెల మీద నీలి స్కెచ్చుతోని పదకొండు పేర్లు.
క్వింటాలుకు ఆరు వందలు పెరిగింది.
బాకీ ముందట అదెంత.
కని నా నోటితోని అడిగితె పెరిగింది.

దడువాయి కాంటా పెట్టిండు,
తేమ అని చెప్పి బస్తాకు కిలో తరుగు తీసిండు.
చెద్దరు లేక వణికిన రాత్రి
ఏ కాంటల పెట్టాలె?
గుమాస్త తక్‌పట్టీ రాసుకుంట అడిగిండు
"పట్టాదారు పేరు?"
"పండిచ్చినామె పేరు రాయి. ఓదెలమ్మ."
తలకాయ ఎత్తలే. రాసిండు.

చాయ్ హోటల్ పోరనితోని చదివిచ్చుకున్న.
"ఓదెమ్మ" అన్నడు.
నడుమ 'ల' ఏది బిడ్డా?
"అవ్వా, అది గూడ తరుగు తీసిండ్రు" అని నవ్విండు.
నేను గూడ నవ్విన, కాయితం మడత పెట్టుకుంట.
పైయేడు దాన్ని గూడ అడుగుత.

వాపసు బండిల ఒక్క బస్తా మిగిలింది.
రంగు కంపెనీ మనిషి దానికోసం రెండుసార్లు వచ్చిండు,
పైన ఇంకో నూరు అన్నడు.
నేను దాని మీద కూసున్న.
నర్సంపేట రోడ్డు గుంతలల్ల బండి ఎగిరినప్పుడల్ల
కింద ఎండుకాయలల్ల గింజలు
గలగలమన్నయి.