రెండు పేముకర్రలు

కొట్టడం నేర్పమని వెళ్ళాను.
ఎవర్ని కొట్టాలో పేరు కూడా చెప్పాను.

ఎర్రన్న మావ వల చిక్కు తీస్తూ తలెత్తలేదు.
"ముందీ కొస పట్టుకో పిల్లా" అన్నాడు.
చీకటి పడేదాకా పట్టుకునే ఉన్నాను.

ముప్ఫై ఏళ్ళ కిందట
ఇనప రాయి మోసే ఓడ మీద సరంగు, సెబూ మనిషి, రొడెలియో,
డ్యూటీ దిగాక రాత్రుళ్ళు ఈయనకి కర్ర పట్టడం నేర్పాడట.
ఇద్దరికీ కలిసే భాష లేదు.
ఇంగ్లీషు ముక్కలు ఓ పది,
మిగతాదంతా మణికట్టు.

హార్బర్ గోడవార, ఖనిజం దుమ్ము ఎర్రగా దిగే చోట,
తెల్లారుజామున మూడున్నరకి నా పాఠం.
డాల్ఫిన్ నోస్ మీది దీపం తిరిగొచ్చినప్పుడల్లా
ఒక్క క్షణం ఆయన కనపడేవాడు,
మరుక్షణం కర్ర మాత్రం తగిలేది.

గోనెమూట ఒక్కసారే విప్పాడు.
పాము పాకినట్టు వంకర్లు పోయిన క్రిస్.
మూసుంటే బుద్ధిమంతురాలు, విప్పితే రెండు రెక్కల బలిసాంగ్.
బోలో: "ఆళ్ళకిది కొబ్బరికాయల కత్తి.
ఊరి మీదికి ఎవడైనా వస్తే, అప్పుడు ఇంకోటి."
"ఇయ్యేవీ నీకు కావు" అని మళ్ళీ కట్టేశాడు.
నాకిచ్చినవి రెండు పేముకర్రలు,
మంట మీద కాచినవి, గజానికి జానెడు తక్కువ.

కర్ర ముందు గుండెకి, తర్వాత నుదుటికి.
"దణ్ణం ఎట్టకుండా కర్రెత్తితే రౌడీతనం.
ఎట్టి ఎత్తినా రౌడీతనవే, కాపోతే కాస్త ఆలీసెవౌద్ది.
ఆ కాస్తలోనే మనిసి మారాల."

సినవాలి అంటే అల్లిక.
పైది కిందికి, కిందది చంకలోకి, మళ్ళీ పైకి.
నేను పదే పదే తప్పుతుంటే మా అమ్మని పిలిచాడు.
జన్మలో కర్ర పట్టని మనిషి,
నోట్లో అడ్డపొగ తియ్యకుండానే
మూడోసారికి గాల్లో వల అల్లేసింది.

కర్రకి కర్ర తగిలి పేము మాడిన వాసన.
"మనిసిని కొట్టకు. కత్తట్టిన చేతిని కొట్టు.
పాము కోర తియ్యడం అంటారాళ్ళు.
కోర పోతే పామేటి? ఒట్టి తాడు."

కార్తీకం వెళ్ళి రేట్లు లేచిన రోజుల్లో
వేలంపాట దగ్గర ఓ వంజరం బుట్ట మీద మాట పెరిగింది.
చేపలు కోసే నూకరాజు
కోస్తున్న కత్తితోనే లేచాడు.

దణ్ణం పెట్టానో లేదో గుర్తు లేదు.
ఐసు మీద కత్తి పడ్డ చప్పుడు గుర్తుంది.
ఎవరో ఈల వేశారు.
గెలిచానని చెప్పడానికి పరిగెత్తాను.

"ఏ చెయ్యి?" అన్నాడు మావ.
"కుడి."
"ఆడు సేపలు ఏ చేత్తో కోస్తాడు?"

పద్దెనిమిది రోజులు
నూకరాజు పీట మీద నేను కూర్చున్నాను.
పొలుసు గీకి, మొప్పలు లాగి,
రాత్రికి లెక్క చూసి వాళ్ళావిడ చేతిలో పోసేదాన్ని.
ఆమె డబ్బుల్నే చూసేది.
అదే కత్తి, నా మీదికి లేచినది.
పిడి అతని వేళ్ళకి అరిగిపోయి ఉంది,
నా వేళ్ళు ఆ గుంటల్లో కుదరలేదు.

పసుపు కట్టుతో పక్కనే కూర్చునేవాడు, ఒక్క మాటా లేదు.
ఆరో రోజున మాత్రం
"అలాక్కాదు, తోక కాణ్ణించి" అన్నాడు.

పంతొమ్మిదో పొద్దున్న పిడి అటువైపు తిప్పి ఇచ్చాను.
కళ్ళకద్దుకున్నాడు, బోణీకి అద్దుకున్నట్టే.
వంజరం ధర సంగతి మేం ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ సాయంత్రం మావనడిగాను:
"రొడెలియో ఎవరికైనా ఈ శిక్ష వేశాడా?"

వల మీంచి తలెత్తలేదు.
"నలబై రోజులు, ఓడ వంటింట్లో
ఉల్లిపాయలు కోసినాను" అన్నాడు.
"ఆ కొస పట్టుకో."