సున్నపు గీత

ఎనిమిదేండ్లూ పెంచలయ్య
సున్నపు గీతకి బెత్తెడు ఇవతలే కూచున్నాడు
ఖాళీ నూనె డబ్బా బోర్లించి, దానిమీద తువ్వాలు మడిచి.

మహబూలా దాటినాక కరెంటు టవర్ల కింద ఇసక.
ఇసకలో సిమెంటు పట్టీ,
దానిమీద మేకులు కొట్టిన పచ్చ మ్యాటు.
శుక్రవారం తెల్లారి మొదలుపెడితే
ఎండ నెత్తికెక్కే లోపల, జుమ్మా నమాజు లోపల
ఒక ఆట అయిపోవాల మాకు.

ఇక్కడ అతన్ని ఆడొద్దన్నోళ్ళు లేరు.
నిషేధం రాసిన ఆఫీసుకి మా మ్యాటు సంగతే తెలీదు.
"ఒక్క ఓవరెయ్యి అన్నా, ఎవుడు చూస్తాడు?"
ఓబులేసు ఎన్ని మార్లు అడిగినాడో.
"మ్యాటు మీద నీళ్ళు చల్లినారా?" అనేవాడు, అంతే.

బంతి గీత దాటి కాళ్ళ దగ్గరికి దొర్లుకొచ్చినా
తాకేవాడు కాదు.
నిప్పు కాదది, నైవేద్యమూ కాదు.
అయినా కాలు పక్కకి తీసుకోని
పిల్లోణ్ణి కేకేసేవాడు.

అతను చేసిందేమిటో నాకు సగమే తెలుసు.
రాజంపేట నుంచి రాష్ట్రం జట్టు దాకా పోయిన ఎడమచెయ్యి.
ఒక రాత్రి, ఎవరో అడిగిన బంతికి
ఎవరో అడిగినంత దూరం కాలు ముందుకేసినాడంట.
జానెడు.
మిగతా సగం
ఇస్కూలు బస్సు తోలేటప్పుడు
సిగ్నలు కాడ తెల్లగీతకి రెండు గజాలు వెనకే
ఆగిపోయే అతని కాలుకి తెలుసు.

మంగళారం ఫోనులో కబురొచ్చింది, గడువు తీరిందని.
రూములో ఆరుగురం. చదివి వినిపించింది నేనే.
ఖుబూసు తుంచుకుంటా విన్నాడు.
ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగినారు.
నలభై మూడేండ్లు.
అఖామా అయితే ఏటేటా ముద్ర కొట్టించుకోవచ్చు,
భుజం కీలు కోసం ఏ కౌంటరు కాడ నిలబడాల?

ఆ రాత్రి బాత్రూములో లైటు చానాసేపు వెలిగింది.
తలుపు సందులోంచి చూసినా, నా తప్పే.
సబ్బుబిళ్ళని ఎడమచేతి వేళ్ళ మధ్య పట్టుకోని
తిప్పతా ఉన్నాడు, జారిపోతా ఉంది,
తీసుకోని మళ్ళీ తిప్పతా ఉన్నాడు.

శుక్రవారం తూజు రేగేటట్టుంది, ఆకాశం గోధుమరంగు.
పన్నెండో ఓవర్లో ఒక బంగ్లా కుర్రోడు మోకాలి మీద కూచోని ఊడ్చినాడు.
గీత దాటి, నేరుగా డబ్బా కాడికి.
పిల్లోడు పరిగెత్తబోతే
చెయ్యెత్తి ఆపినాడు పెంచలయ్య.

వంగినాడు. వంగేదానికే అంతసేపు పట్టింది.
కుట్టు మీద బొటనవేలు పెట్టి చూసుకున్నాడు,
తిరనాళ్ళలో తప్పిపోయిన బిడ్డ దొరికితే
చెవి వెనక మచ్చ చూసుకున్నట్టు.

గీత తొక్కలేదు.
కాలు ఇంకో జానెడు వెనక్కేసుకోని
అక్కణ్ణుంచే విసిరినాడు నాకు.

నా గ్లవ్సు దాకా రాలేదు.
సగం దూరంలోనే పడింది.
ఓబులేసు తల దించుకున్నాడు.
బంగ్లా కుర్రోళ్ళు రెండో పరుగు గురించి అరుచుకుంటా ఉన్నారు,
ఫోరు ఇచ్చినా అర్థం కాక.
వికెట్ల వెనక గొంతుక్కూచోని ఇరవై ఏండ్లు
బంతుల్నే చూసినోణ్ణి, నేను చూసినా.
ఇసకలో పడినాక,
దానికి ఆ అవసరం లేకపోయినా,
కొంచెం పక్కకి తిరిగింది.

ఆట అయినాక డబ్బా కాడికి పోయినా.
వచ్చే వారం ఆడతావా అని అడగబోయి
"నీళ్ళు తాగతావా అన్నా" అన్నా.

పెంచలయ్య తువ్వాలు దులుపుకుంటా
మ్యాటు దిక్కు చూసినాడు.
"క్రీజు కాడ మేకు పైకి లేసింది,
కాలు తగిలే చోట.
కొట్టండ్రా దాన్ని."