ఇందులో రాగి లేదు

కిట్వేలో పుట్టినవాడికి రాగి గురించి ఒకరు చెప్పక్కర్లేదు.
నాన్న దాన్ని నేలలోంచి తవ్వాడు,
నేను దాన్నే మళ్లీ నేలలో పూడ్చాను.
ముప్పై ఒక్క ఏళ్లు
తీగకు తీగ మెలేసి టంకం పెట్టిన చేతులివి.

ఇవాళ చిలుఫ్యా నా అరచేతిలో
ఒక వెంట్రుక పెట్టింది.
"మెల్లగా షికులూ, గాజు."
(జుట్టు రాలినవాడికి వెంట్రుక విలువ నేర్పుతోంది పిల్ల!)

రాగిని నేను నాలుకతో ఎరుగుదును.
రెండు కొసలూ ఆనించి చూసేవాణ్ణి.
పుల్లగా కొరికితే లైను బతికున్నట్టు.
ఓసారి సరిగ్గా అప్పుడే ఎవరో ఫోను చేశారు,
గంట నా పళ్లలో మోగింది.
మూడు రోజులు ఉప్పు రుచి తెలియలేదు.

"దీన్ని నాకకు," అంటుంది. "తొంగి చూడకు కూడా.
లోపల పారే వెలుగు కంటికి ఆనదు,
కన్ను మాత్రం పట్టుకుపోతుంది."

గోడలకు చెవులుంటాయంటారు, అవి రాగివే అయ్యుంటాయి.
పక్క జతలో మాట ఈ జతలోకి ఒలికేది.
బేకరీ ముసొండమ్మ అప్పు,
గని గుమాస్తా గుసగుస,
నిచ్చెన మీద విన్నవి నిచ్చెన మీదే వదిలి దిగాను.
అందుకే జతజతకీ వేరే మెలి పెట్టేవాళ్లం.
గాజుకి ఆ జబ్బు లేదు.
పక్కన ఇంకో పోగు ఉందని కూడా దానికి తెలియదు.
మర్యాదో, ఒంటరితనమో.

నవంబరులో పిడుగు రాగిని వెతుక్కుంటూ వచ్చేది.
గాజుతో దానికి పనిలేదట. సరే.
కానీ ఊరంతా కరెంటు పోయిన రాత్రి
రాగి తన సద్ది తానే మూటగట్టుకుని వచ్చేది,
ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి.
చీకట్లోనే మంత్రసానికి కబురు వెళ్లేది.
ఇప్పుడు ఇంట్లో పెట్టె ఆరిపోతే
వెలుగు గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది.

"మరి ఏది వేగం?" ఉండబట్టలేక అడిగాను.
"పరుగు ఇంచుమించు ఒకటే షికులూ, అలుపులోనే తేడా.
ఆఫీసుల్లో మీ రాగి నూరు మీటర్లకే రొప్పుతుంది.
ఇది ఎంత బరువెత్తినా
ఆగకుండా న్డోలా చేరుతుంది."
ఎందుకో హాయిగా అనిపించింది.
నా రాగి మందకొడిది కాదు,
అలిసిపోయేది, అంతే.

అతికేటప్పుడు చూశాను.
రెండు కొసలు ఎదురెదురుగా నిలిచాయి,
మధ్యలో చిటికెడు మెరుపు,
ముడీ లేదు మచ్చా లేదు.
రాలిన ముక్కల్ని టేపుతో అద్ది తీసింది.
ఒంట్లో దిగితే వెతికినా దొరకవట.
నేను రాగి తుంపులు జేబులో వేసుకుని
నెలాఖరున అమ్ముకునేవాణ్ణి.
వీటిని పాతసామాన్లవాడు కూడా ముట్టడు.

దొంగలకది తెలియదు.
మొన్న రాత్రి రాగి అనుకుని గొయ్యి తవ్వి,
నరికి, గాజు చూసి,
తిట్టుకుని పోయారు.
మూడు పేటలు మూగబోయాయి.
మేనేజరు నన్ను పిలిపించాడు, దస్తూరి బాగుంటుందని.
రెండొందల పద్నాలుగు బోర్డులు.

గని బూడిద గుట్ట పక్కన,
నాన్న దగ్గు ఇంకిన ఈ ఎర్రమట్టి మీద
మొదటి బోర్డు నిలబెట్టి రాశాను.
తములి ముకుబా.
ఇందులో రాగి లేదు.

షిఫ్టు దిగి వస్తున్న కుర్రాడొకడు
హెల్మెట్ చంకలో పెట్టుకుని చదివాడు.
"అందులోనే కాదు తాతా," అన్నాడు,
"కిందా అంతంత మాత్రమే."

వాడు మలుపు తిరిగేదాకా చూసి
రంగు డబ్బా మళ్లీ కలియబెట్టాను.