బెత్తెడు ఎడమకి

శుక్రవారం సాయంత్రం పాలు పితకడం అయ్యాక
ఆవుల్ని పక్కపొలం కెస్లర్‌కి అప్పగించి బయల్దేరాం.
నలభై ఆవులు. ఒక్కొక్కదాని అలక ఏమిటో
నాన్న కాగితం మీద రాసిచ్చాడు.
అది చాలక
కౌంటీ దాటేలోగా రెండుసార్లు ఫోన్ చేశాడు.

మోటెల్లో రెండు మంచాలు, ఒకటే కిటికీ,
దాన్నిండా పెట్రోలు బంకు వెలుతురు.
నానమ్మ సబ్బుబిళ్లలన్నీ సంచిలో వేసుకుంది.
నాలుగున్నరకే నలుగురం లేచి కూర్చున్నాం.
పితకడానికి ఏమీ లేదు.
ఆ మసకలో ఒకరి మొహం ఒకరం చూసుకుని
నవ్వు ఆపుకోలేకపోయాం.

స్టేడియం బయట గడ్డినేలంతా పికప్పులు, పొయ్యిలు,
అయోవా అక్టోబరు చలిలో సాసేజీల పొగ.
ముక్కూమొహం తెలియనివాళ్లు పిలిచి
ప్లేటు చేతిలో పెడుతున్నారు.
"మీవాడు ఆడతాడా! ఏ నంబరు?"
"అరవై ఒకటి," అన్నాడు నాన్న.
ఆ పెద్దమనిషి నుదురు చిట్లించి వెతికాడు, దొరకలేదు,
మర్యాదగా ఇంకో సాసేజీ వేశాడు.

కాలితో కన్నా చేత్తోనే ఎక్కువ ఆడే ఈ ఫుట్‌బాల్‌లో
ఇక దారి లేక
బంతిని తన్ని వదిలించుకోవాల్సి వచ్చినప్పుడు
మా ఎల్డెన్ వస్తాడు.
వంగుతాడు.
లోకాన్ని తలకిందులుగా ఒకసారి చూసుకుంటాడు.
కాళ్ల సందులోంచి పదిహేను గజాలు వెనక్కి
తన్నేవాడి చేతుల్లోకి బంతిని పంపుతాడు.
మరుక్షణం ఇద్దరు వచ్చి మీద పడతారు.
అంతే వాడి ఆట.

సరిగ్గా చేస్తే వాడి పేరు ఎవరూ తలవరు.
మైకులో వాడి పేరు వినబడిందంటే
కొంప మునిగినట్టే.
అందుకే యాభై వేలమంది
ఎవరెవరి పేర్లో గొంతు చించుకుని అరుస్తుంటే
అమ్మ ఒక్కతే
కన్నకొడుకు పేరు ఎవరి నోటా రాకూడదని
దేవుణ్ణి వేడుకుంటూ కూర్చుంటుంది.

ఆ బంతిని ఏళ్లతరబడి పట్టింది నేను.
కొట్టం వెనక, నాన్న పాత తోలు గ్లవుజులు తొడుక్కుని.
పెదవి పగిలింది. ఒకసారి ముక్కు.
నేను అలిగిన రోజుల్లో
గోడ మీద సుద్దతో గుండ్రం గీసుకుని వేసుకునేవాడు.
గోడ పట్టుకోదు.
ఎంత తప్పిందో చెప్పదు కూడా.
మళ్లీ నా దగ్గరికే వచ్చేవాడు.

ఇవాళ నాలుగుసార్లు వచ్చాడు.
ఒకటి. రెండు. మూడు.
మూడుసార్లూ అమ్మ కళ్లు మూసుకుంది,
నానమ్మ థర్మాస్ మూత గుండెకి అదుముకుంది.
నాలుగోసారికి చినుకు మొదలైంది.
తన్నేవాడు కాస్త ఒరిగి అందుకున్నాడు, తన్నాడు.
బంతి దీపాల మీదుగా వెళ్లిపోయింది.
జనమంతా దాన్ని చూశారు.
నేను వాడి వీపు చూశాను.
లేచాడు, అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు,
మేం కూర్చున్న వైపు ఒక్కసారి తలెత్తాడు.

ఓడిపోయాం, అది వేరే సంగతి.

కంచె దగ్గర అమ్మ వాడి తడితల తుడిచింది.
నానమ్మ ఒక మోటెల్ సబ్బు వాడి చేతిలో పెట్టింది.
నాన్న "బాగుంది" అని,
తరవాత ఏమనాలో తోచక
పన్నెండో నంబరు ఆవు ఈనడానికి సిద్ధంగా ఉందని చెప్పాడు.

వాళ్లు కారు వైపు కదిలాక వాడు కంచె మీదికి వంగి
గొంతు తగ్గించి అడిగాడు:
"నాలుగోది?"
"బెత్తెడు ఎడమకి."
"అవును కదా," అన్నాడు,
పోయిన వస్తువు దొరికినవాడిలా.

ఐదు గంటల దారి, తెల్లారేసరికి పాలవేళ.
నానమ్మ నా భుజం మీద గుర్రు పెడుతోంది.
వెనకసీటు చీకట్లో చూసుకుంటే
నా చేతులు రెండూ వాటంతటవే
దోసిలి పట్టుకుని ఉన్నాయి,
కొంచెం ఎడమకి జరిగి.