రిమార్కుల గడి

ఈ రిజిస్టర్ల ఆరు గడులు.
టైము. మట్టం. ఇన్‌ఫ్లో. ఎన్ని గేట్లు. ఎన్ని అడుగులు.
చివర్న, రెండేళ్ల వెడల్పు, రిమార్కులు.
ఇరవై రెండేండ్లు
దాంట్ల నేను రాసింది ఒక్కటే మాట: లేవు.

హిమాయత్‌సాగర్ కట్ట మీద రాత్రి.
రేకుల మీద కంకర పోసినట్టు వాన.
పదిహేడు వందల అరవై మూడు దాటంగనే
ఫోను. అవతల సార్ గొంతుల
నిద్ర లేదు, తడి కూడా లేదు.
"రెండు గేట్లు. ఒక్కో అడుగు."
సైరన్ మూడు సార్లు.
ఆ కూత లంగర్‌హౌజ్ దాకన్న పోతదో లేదో
ఏ గడిలనూ రాయమన్లేదు.

అందుకే చక్రం పట్టే ముందు
మూసానగర్‌కు నేనో ఫోను కొడ్త.
జైతూన్ బీది ఇస్త్రీ బండి. ఇంటికి ఏడు మెట్లు, ఏటి దిక్కు.
"ఎన్ని గేట్లు భయ్యా?"
రెండు.
"అయితే మూడో మెట్టు. పిల్లల్ని లేప, పొద్దుగాల బడి ఉంది."
నాలుగంటే బొగ్గు సంచి పైకెక్కిస్తది.
ఆరంటే మాట్లాడదు,
మంచం ఈడ్చిన చప్పుడొక్కటి ఇనపడ్తది.
సర్కారుకు క్యూసెక్కులు, ఆమెకు మెట్లు.
ఒక్కసారి తప్పింది.
తప్పింది నా లెక్క.

కిందటేడు నక్షా పట్టుకొని వచ్చిండ్రు.
ఏరు ఎంతవరకు ఏరో గీత గీసిండ్రు.
అది ఆమె పొయ్యి మీదికెల్లి పోయింది.
గోడకు ఎర్ర గుర్తు.
గుర్తేసిన పిలగాడు మంచోడే,
రంగు డబ్బా పక్కకు పెట్టి ఆమె ఇచ్చిన చాయ్ తాగిండట.
ఆమెకు నేను చెప్పని మాట ఒకటుంది:
గీత తప్పు కాదు.
నేను ఇడిచిన నీళ్లు ఏ రాత్రి ఎంత పారినయో
ఈ రిజిస్టర్లకెల్లే ఎత్తి రాసుకున్నరు.

ఇప్పుడామె ఊరవతల, తొమ్మిదో అంతస్తు.
మోటరు కాలి నాలుగు రోజులాయె, నల్లా రాదు.
నిన్న తనే ఫోను చేసింది.
"భయ్యా, ఇటు దిక్కు గేట్లేమన్న ఉంటే ఒకటి లేపు."
నవ్వింది. నేనూ నవ్విన.

ఈ రాత్రి మళ్ల రెండు గేట్లు.
చెయ్యి ఫోను మీదికి పోయి ఆగింది.
మలబా ఎత్తుకపోయినోళ్లు
మెట్లు ఇడిచిపెట్టిండ్రట.

ఒంటిగంట పది. రెండు గేట్లు, ఒక్కో అడుగు.
రిమార్కులు: మూడో మెట్టు.

రేపు సార్ అడుగుతడు, ఇదేందని.