ముప్పై కిలోమీటర్ల లోపు

ఫారంలో మూడు గళ్లు.
ఇద్దరుండే గది, నలుగురుండే గది, డార్మిటరీ.
ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు వేయమన్నారు.
యాడ పండుకుంటావని
అంతవరకు నన్నెవరూ అడిగింది లేదు.
పెన్ను మూత కొరుక్కుంటా చానాసేపు ఆలోచించి
నలుగురిదానికి ఒకటి వేసినా.

కుళ్లాయప్ప సారు ఆ గళ్లు చూడలేదు.
చివర ఊరి పేరు చూసినాడు.
"ఇరవై ఏడు కిలోమీటర్లే కదమ్మా.
ముప్పై లోపు వాళ్లకు హాస్టల్ లేదు.
దినామూ పోయి రావచ్చు."

పోయి రావచ్చు సార్.
మా వేపచెర్లకు సాయంత్రం బస్సు ఒకటే, ఐదుంబావుకు.
ల్యాబు అయిపోయేది ఐదున్నరకు.
ఆ పదిహైదు నిమిషాలు ఎన్ని కిలోమీటర్లో
మీరే కొలవండి
అనలేదు.
మెట్లు దిగినాక అనుకున్నా.

పద్నాలుగో నంబరు గదిలో
కదిరి షాహీన్ మంచానికీ
రాయదుర్గం మారెక్క మంచానికీ నడుమ
రెండున్నర అడుగుల తాడిపత్రి బండ.
ఏడాదిపాటు నా ఇల్లు అదే.
హాస్టల్ భాషలో నేను గెస్టు.
తలుపుకంటించిన జాబితాలో లేను,
మెస్సు రిజిస్టరులో లేను,
బకెట్టు మాత్రం ఉంది, నీలిది, పేరు లేకుండా.
ఏప్రిల్ నెలలో మంచాలోళ్లు కూడా
చాపలు చుట్టుకొని నా బండ మీదికే దిగినారు.
అప్పుడు వాళ్లు గెస్టులు.

"ఈ పొద్దు ఆకలెక్కువక్కా" అంటుంది మారెక్క.
వడ్డించే లక్ష్మిదేవక్క
వెనకాల నిలబడిన నన్ను చూస్తుంది,
ఆ ప్లేటులోనే ఇంకో సంగటి ముద్ద వేస్తుంది.
ఏమీ అడగదు.
అన్ని దినాలకూ ఆకలెక్కువే ఆ పిల్లకు.

వార్డెన్ మేడం చెప్పుల చప్పుడైతే
మేడ మీద నీళ్లట్యాంకు వెనక్కి పోతా.
అక్కడ నిలబడితే
మా ఊరి తట్టు గాలిమరల ఎర్ర లైట్లు
ఒకేసారి వెలిగి, ఒకేసారి ఆరుతాయి.
ఇరవై ఏడు కిలోమీటర్లు
నిజంగానే దగ్గర.
అక్కడి నుంచి చూస్తే.

రెండో ఏడు అక్టోబరులో మూడు రాత్రులు వాన.
మా తట్టు వాన సంగతి చెప్తే నమ్మరు కాబట్టి
మళ్లా చెప్తాండా: మూడు రాత్రులు.
పాలవంక కల్వర్టు కొట్టకపాయె.
పీకి ఆరబెట్టిన మా శెనక్కాయ
చేన్లోనే మొలకలెత్తె.
నాయన ఫోన్లో ఆ మొలకల పొడవు చెప్పినాడు,
వేలెడు,
ఇంకేం చెప్పలేదు.

బస్సు చుట్టు తిరిగి పోతాంది ఇప్పుడు.
కండక్టరిచ్చిన టికెట్టు మీద ముప్పైమూడు కిలోమీటర్లు.
మడత పడకుండా కెమిస్ట్రీ పుస్తకంలో పెట్టి తెచ్చి
కుళ్లాయప్ప సారు బల్ల మీద పరిచినా.
చదివినాడు.
అద్దాలు తీసి తుడుచుకొని మళ్లా చదివినాడు.
"మాదీ పోయిందిలేమ్మా, నాలుగెకరాలు"
అని స్టాంపు వేసినాడు.

అదే గదిలో కిటికీ కాడ మంచం.
ఒక కాలు పొట్టి, కింద ఇటుక ముక్క.
మొదటి రాత్రి నిద్ర పట్టలేదు,
మరీ ఎత్తున ఉన్నట్టు.
చెయ్యి కిందికి జారవిడిచి బండను తాకి చూసినా.
చల్లగా ఉంది.
సిగ్గేసింది, ఎందుకో,
ఆ వానకు నేను బాకీ పడినట్టు.

సంకురాత్రి సెలవులైనాక
ఆ బండ మీదికి నార్పల తట్టు పిల్ల వచ్చింది.
చాప, నీలి బకెట్టు నావే.
ఇరవై తొమ్మిదంట.
ఒక్క కిలోమీటరు తక్కువని రాత్రంతా నవ్వింది,
నవ్వే అనుకున్నాం.

నిన్న నాయన ఫోన్ చేసి
కల్వర్టుకు టెండరు పిలిచినారని సంబరపడినాడు.
మంచిదే నాయనా అన్నా.
ఫోన్ పెట్టేసి లెక్కేసుకున్నా,
సిమెంటు ఆరేదానికి ఎన్ని దినాలు,
నా పరీక్షలకు ఎన్ని.