నారా, సఫేదా

బడిల మా ఇంటిపేరు 'నల్ల' అని రాసుకున్నరు.
నలుపు కాదు సార్, నల్లా, అన్నడట మా నాయిన.
సారు దీర్ఘం తీసేసి సంతకం పెట్టిండు.
ఆ దీర్ఘం కోసమే ఇదంత చెప్తున్న.

మూసీ తుగ్యానీ అయిపోయి, కొన్నేండ్లకు
గండిపేట నుంచి పట్నంలకు పైపులు పరుస్తున్నరంటే
పాలమూరు నుంచి గడ్డపార భుజానేసుకొని వచ్చిండు బుగ్గయ్య.
మన్ను తవ్వితే అణాలు,
పైపుకు మర కోస్తే రూపాయి.
మదరాసు ఫిట్టరు పక్కన ఆర్నెల్లు దీపం పట్టుకొని నిలవడి
కండ్లతోనే దొంగిలిచ్చిండు పని.
"షాలిబండ మీద తొలి ఇంటి నల్లా నాదే" అనేటోడట.
ఇంకో ముగ్గురు మేస్త్రీల మనుమలు గూడ ఇదే చెప్తరు.
నేను కొట్లాడ.

చాబీ తిప్పంగనే
ముందుగాల గాలి దగ్గింది,
తర్వాత తుప్పు,
తర్వాత నీళ్లు.
దేవిడీల పరదా ఎనుక నుంచి బేగం సాబా
ఎట్లొస్తున్నయని అడగలే,
"దీన్ని ఆపేదెట్ల?" అని అడిగిందట.

ఆయన చేతికింద పనిచేసిన మనిషి పేరు
ఏ రసీదుల లేదు. సాయవ్వ.
జనపనారను తొడ మీద పేని
సఫేదా అద్ది మర చుట్టూ చుట్టేది.
ఎడమకు చుడితే ఊడొస్తది,
కుడికి చుడితే కూసుంటది.
ఆ తొడ మీద మల్ల వెంట్రుక మొలవలేదని
మా నాయినమ్మ నవ్వుకుంట చెప్పేది.

పట్నమంత నల్లాలు బిగించినోళ్ల ఇంట్ల
నల్లా లేదు.
తెల్లారగట్ల మూడింటికి సర్కారీ నల్లా కాడ
సాయవ్వ బిందె వరుసల పదకొండోది.
"అర్జీ ఎప్పుడు పెడ్తవ్?" అంటే
"అర్జీకి పట్టా గావాలె" అనేటోడు.
గుడిసెకు పట్టా ఎక్కడిది.

మా తాత మొగులయ్యది చెవి.
కట్టె ఒకకొస నేల మీద, ఒకకొస చెవుల పెట్టి
మూడు గజాల లోతుల కారుతున్న నీళ్లను పట్టేటోడు.
పోలీస్ యాక్షన్ రోజులల్ల ఆ దేవిడీకి తాళం పడ్డది.
లోపల హౌజు కాడ నల్లా కారుతనే ఉన్నది.
నాలుగు రాత్రులు గోడ ఇవతల పండుకొని విన్నడు.
అయిదో రాత్రి గోడ దుంకి, వాషర్ మార్చి,
మల్ల గోడ దుంకి వచ్చిండు.
ఏమన్న ఎత్కొచ్చినవా అని అవ్వ అడిగితే
జేబుల నుంచి తీసి చూపిచ్చిండు,
అరిగిన తోలు వాషర్.

నాయిన కుర్మయ్య నాటికి
ఇనుము పోయి ప్లాస్టిక్ వచ్చింది.
గమ్ము పూసి పది లెక్కపెడితే అతుకు.
చిన్నాయన బక్కప్ప ట్యాంకర్లు కొన్నడు.
"తాత నీళ్లు తెచ్చిండు, నువ్వు అమ్ముతున్నవ్" అని
దసరా నాడు జమ్మి తీసుకునే చెయ్యి
నాయిన ఎనుకకు గుంజుకున్నడు.
పదేండ్లు మాటల్లేవు.
ఒక ఎండకాలం మా బోరు ఎండింది.
అడగకుండనే ట్యాంకరొకటి వచ్చి వాకిట్ల ఆగింది.
నాయిన లోపలికి పోయి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.
అమ్మ డ్రమ్ములు నింపింది.
సప్పుడు అందరికీ ఇనవడ్డది.

నేను జలమండలిల మీటర్లు చూస్త.
పోయిన శ్రావణంల షాలిబండ గల్లీ తవ్వితే
పాత ఇనుప పైపు తేలింది.
ఇద్దరు పిల్లలు పానాకు ఏలాడినా
అతుకు కదలలే. కట్టర్‌తోని కోసిన్రు.
లోపల సఫేదా పన్ను లెక్క గట్టివడ్డది,
నార ఇంకా తడిగనే ఉన్నది.
దాంట్ల పొడుగుగ ఒక నల్లటి పోగు.
నారనో, వెంట్రుకనో,
ఏలుకు చుట్టి చూసిన, తెలువలే.
ఏ మేస్త్రి బిగిచ్చిండో, ఏ ఇంటామె పేనిందో.
కుడికే చుట్టి ఉన్నది.

జూన్ల మా బిడ్డను బడిల ఏసేటప్పుడు
ఇంటిపేరు నేనే రాసిన, దీర్ఘంతోని.
సారు పెన్ను తీసి కొట్టెయ్యబోతుంటే
బిగిసి ఉన్నది సార్, ముట్టకుండ్రి, అన్న.